దొరగారి ఆదివారం తూకం

నవంబరు 10, ఆదివారం

తమ్ముడికి,

నువ్వు ఆ కొండకి వెళ్ళి పదకొండు రోజులైంది. చేరానని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదు నీకు. సర్లే, ముందు నీ దొరగారి సంగతి చెబుతాను. ఈ ఇంట్లో ఇప్పుడు ఆయన గురించి తప్ప వేరే మాట లేదు.

ఈ ఉదయమే ఆయన్ని పెట్టెలో పెట్టాం. నువ్వు రాసిచ్చిన కాగితాన్ని గోడకి అంటించి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాం. చిన్న పెట్టెలో పొడి మట్టి, ఎండుటాకులు. దాని చుట్టూ పెద్ద పెట్టె, సందుల్లో చింపిన కాగితాలు. రెండింటికీ గాలి కన్నాలు. వెనకగదిలో కిటికీ కింద చల్లగా ఉంటుందని అక్కడ పెట్టాం. ఒక తాబేలు చలికాలమంతా నిద్రపోవడానికి ఇంత హంగామా అని మీ బావ నవ్వారు గానీ, పెట్టె మోసింది ఆయనే.

గత మూడు చలికాలాలూ ఈ పనంతా నువ్వే చూసుకున్నావు. ఈసారి భారమంతా నీ మేనకోడలిది. ఏడేళ్ళ పిల్ల, నోటుబుక్కులో గీతలు గీసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ఇంట్లో మమ్మల్ని గట్టిగా మాట్లాడనివ్వడం లేదు. పిడుగు అని పేరు పెట్టింది నువ్వు, అనుభవించేది మేము. మా పోస్టాఫీసులో పక్కన పడేసిన పాత కాటాని మీ బావ బాగుచేసి ఇచ్చారు. పార్సెలు కౌంటరులో పందొమ్మిదేళ్ళుగా ఎవరెవరి మూటలనో తూస్తున్నాను, తాబేలుని తూచడం ఇదే మొదలు. 1240 గ్రాములు. ఇకపై ప్రతి ఆదివారం తనే తూచి రాస్తానంది.

ఒకటి అడగాలి. బస్సు దగ్గర దాని చెవిలో ఏం చెప్పావు? "మామయ్య కొండలో, దొరగారు పెట్టెలో, ఇద్దరూ ఒకేసారి లేస్తారు" అని పాడుకుంటూ తిరుగుతోంది. నిన్న "సొరంగానికి గాలి కన్నాలు ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. ఉంటాయి కదా?

వెంటనే జవాబు రాయి. వెంటనే అంటే నీ లెక్కలో కాదు, నా లెక్కలో.

అక్క

నవంబరు 21

అక్కకి,

నీ కోపం కాగితంలోంచి వచ్చి నా చెవి మెలిపెట్టింది. తప్పే. ఇక్కడ ఫోను పలకదు. ఉత్తరాల జీపు వారానికి ఒక్కసారి వస్తుంది, మంచు పడితే అదీ రాదు. నా పని నీకు తెలిసిందే. కొండకి రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వస్తున్నారు, ఆ రెండూ ఒకేచోట కలిసేలా గీత కొలిచి చెప్పేవాడిని నేను. నా కొలత పక్కకి పోయిందంటే రెండు సొరంగాలూ ఒకదాన్నొకటి పలకరించుకోకుండానే వెళ్ళిపోతాయి. అందుకే ఎవరితోనూ మాట్లాడకుండా అంకెలు రాసుకుంటూ కూర్చుంటున్నాను. వంటవాడు మాత్రం మా అందరి మీదా పగబట్టాడు.

బస్సు దగ్గర ఏం చెప్పానా? పిల్ల నా చొక్కా పట్టుకుని వదల్లేదు. డ్రైవరు హారను కొడుతున్నాడు. "దొరగారూ నేనూ ఒకటే. ఆయన పెట్టెలో, నేను కొండలో. ఆయన లేచే రోజుకి నేనూ బయటికొచ్చేస్తా" అన్నాను. నవ్వింది, చొక్కా వదిలింది. అంతే.

గాలి కన్నాలు కాదు, ఇంత లావు గాలి గొట్టాలున్నాయి అని చెప్పు. దొరగారికి చలి ఎంత ఉంటే అంత హాయి, నేనూ ఇక్కడ అలాగే హాయిగా ఉన్నానని కూడా చెప్పు. ఆదివారం తూకానికి తప్ప పెట్టె తెరవొద్దు. నెలకి పది పన్నెండు గ్రాములు తగ్గితే కంగారు లేదు.

తమ్ముడు

డిసెంబరు 17

తమ్ముడికి,

నీ ఉత్తరం నెలాఖరున చేరింది. పిడుగు రెండుసార్లు చదివించుకుంది, మూడోసారి తనే కూడబలుక్కుని చదివింది. నెలకి ఎంత తగ్గొచ్చో రాశావుగా, ఇదిగో, తన బుక్కులోంచి దించుతున్నాను. 1240, 1237, 1238, 1233, 1231, 1229. మధ్యలో ఒక గ్రాము పెరిగిందేమిటని మీ బావ అడిగితే "మట్టి అంటుకుంది నాన్నా" అని ఆఫీసరులా చెప్పింది.

ఇక్కడా చలి ముదిరింది. ఈ నెల మొదటి వారంలో వెనక కుళాయి గొట్టం గడ్డకట్టి పగిలిపోయింది. దానికి తోడు వెనకగది కిటికీ ఎవరు తెరిచారో తెలియలేదు, పొద్దున్నే నేను మూస్తే సాయంత్రానికి బార్లా తెరిచి ఉండేది. మీ బావ నేను కాదంటారు. ఇప్పుడేమో ఆ కిటికీ సందుల్లో ఎవరో గుడ్డపీలికలు కూరారు. ఈ ఇంట్లో ఒక్క పనీ మధ్యస్థంగా జరగదు.

పిడుగు ఈ మధ్య ఎందుకో ముభావంగా ఉంటోంది. తూకం వేసేటప్పుడు నన్ను గదిలోకి రానివ్వడం లేదు. తలుపు దగ్గరగా వేసుకుని, "మామయ్య ఎక్కువమంది చూడొద్దన్నాడు" అంటుంది. నువ్వు అలా అన్నట్టు నాకు గుర్తులేదు. తన వాటా బిస్కట్లు తినకుండా ఒక రేకు డబ్బాలో దాస్తోంది. ఎవరికే అంటే నీకట. ఇంకో ప్రశ్న ఉంది, తప్పకుండా రాయమని పక్కనే నిలబడింది. నీ బరువెంత? గ్రాముల్లో అయినా ఫరవాలేదట.

అన్నట్టు నీ పాత ఉన్ని మఫ్లరు కనిపించడం లేదు. నువ్వు తీసుకెళ్ళావా?

అక్క

జనవరి 1

అక్కకి,

మంచు వల్ల జీపు రెండు వారాలు రాలేదు. మఫ్లరు నా దగ్గర లేదు, ఉంటే మెడ ఇలా బిగుసుకుపోయేది కాదు.

పిడుగు ప్రశ్నకి జవాబు. క్యాంపు డాక్టరు నెలకోసారి మమ్మల్నందరినీ వరసగా తూస్తాడు. వచ్చినప్పుడు 66 కిలోలు, మొన్న 62! వంటవాడి పుణ్యమా అని రెండు నెలల్లో నాలుగు కిలోలు హరించుకుపోయాయి. దొరగారిని ఓడించేశానని చెప్పు. ఇదే వేగంతో పోతే బయటికి నేను రాను, నా ప్యాంటు ఒక్కటే వస్తుంది.

దొరగారి అంకెలు చూసి ఎంత మురిసిపోయానో. నాకంటే బుద్ధిగా రాస్తోంది పిల్ల. కిటికీ సంగతి పట్టించుకోకు, చలికి చెక్క వదులై దానంతటదే తెరుచుకుంటుంది.

తమ్ముడు

జనవరి 14

తమ్ముడూ,

నిన్ను తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తెలియక ముందు జరిగింది రాస్తాను.

నీ బరువు తగ్గిన ముచ్చట నవ్వుకుంటూ పైకి చదివాను. మీ బావ కూడా నవ్వారు. పిడుగు నవ్వలేదు. "నాలుగు కిలోలంటే ఎన్ని గ్రాములు?" అంది. నాలుగు వేలన్నాను. మొహం తెల్లగా పాలిపోయింది. పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు, పెట్టినదంతా కాగితంలో చుట్టి ఆ రేకు డబ్బాలో పెడుతోంది. మొన్న డబ్బా ఎత్తుకుని నా కౌంటరుకే వచ్చి, "మామయ్యకి పార్సెలు పంపు, తొందరగా పంపు" అని పట్టుబట్టింది. డాక్టరుకి చూపించాం. కడుపు బాగానే ఉందన్నాడు.

నిన్న తను బడికి వెళ్ళాక ఆ నోటుబుక్కు తీశాను. 1233 తర్వాత 1231, 1229, 1227, 1225, 1223, 1221. వారానికి కచ్చితంగా రెండేసి గ్రాములు. పందొమ్మిదేళ్ళుగా కాటా ముందు కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. నిజమైన తూకం ఇంత బుద్ధిగా ఉండదు. ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ, ఒక్కోసారి మట్టి అంటుకుని పెరుగుతుంది కూడా. డిసెంబరు 17న ఈ అంకెలు నీకు దించి రాసిన చెయ్యి నాదే. అప్పుడు ఏం చూశానో నాకే తెలియదు.

పెట్టె తెరిచాను. మళ్ళీ తూచే పనిలేదురా. దొరగారు పోయారు. పోయి చాలా రోజులైనట్టుంది. కళ్ళు లోపలికి పోయి, తల వేలాడిపోయి ఉంది. ఆయన్ని నీ ఉన్ని మఫ్లరులో మెడదాకా చుట్టి పడుకోబెట్టింది పిల్ల. నేను ఎలా ఉన్నది అలాగే మూసేశాను.

తనకి తెలుసు. తెలిసే ప్రతి ఆదివారం తలుపు వేసుకుని, ఆ పెట్టె ముందు కూర్చుని, లేని తూకం రాస్తోంది. ఎందుకు? తనకి తెలుసని నాకు తెలిసిన సంగతి తనకి తెలియదు. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా దొంగలా కూర్చుంటున్నాను. అలాంటిదే ఇంకోటి తెచ్చి మారుద్దామంటారు మీ బావ. పిల్లకి ఆ డిప్ప మీద ప్రతి గీతా తెలుసు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? నువ్వు మాట్లాడితే వింటుంది. జీపు ఆగిపోయేలోగా రాయి.

అక్క

జనవరి 24

తమ్ముడూ,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. పిల్ల చేతులు పుల్లల్లా అయిపోతుంటే ఎంతకని ఆగను.

నిన్న బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకున్నాను. నోటుబుక్కు తీసి, "ఇందులో మొదటి నాలుగు అంకెలే నిజం కదూ" అన్నాను. అది బుక్కు వైపు చూడలేదు, నా నోటి వైపే చూస్తోంది. "దొరగారు చనిపోయారమ్మా. నేను చూశాను" అన్నాను. ఏడుస్తుందనుకుని చేతులు చాచాను. అది నా నోరు మూసేసింది రెండు చేతులతో.

"గట్టిగా అనకు. మామయ్యకి తెలిస్తే చచ్చిపోతాడు."

అప్పుడు బయటపడింది అంతా. నువ్వు బస్సు దగ్గర చెప్పిన మాట ఉంది చూశావూ, ఆయనా నువ్వూ ఒకటేనని, ఇద్దరూ ఒకేసారి లేస్తారని. అది ముద్దు మాట కాదు దానికి. ఆయన లేవకపోతే నువ్వూ లేవవు. అందుకే ఆయన్ని బుక్కులో బతికిస్తోంది. అంకె తగ్గాలి గనుక తగ్గిస్తోంది, ఎక్కువ తగ్గితే నీకు ప్రమాదం గనుక రెండే తగ్గిస్తోంది. అంత జాగ్రత్తగా తను నిన్ను నడిపిస్తుంటే, నాలుగు వేల గ్రాములు పోయాయని నువ్వు రాశావు.

కిటికీ కూడా తనే. చలి ఎంత ఉంటే అంత హాయి అని నువ్వు రాశావని, మీరిద్దరూ హాయిగా ఉండాలని సాయంత్రంపూట తెరిచిపెట్టింది. కుళాయి పగిలిన వారం అది. డిసెంబరు 8న తూకానికి ఎత్తితే కాళ్ళు లోపలికి లాక్కోలేదట. "నేనే చంపేశానమ్మా. ఇద్దర్నీ నేనే" అంది. ఏడేళ్ళ పిల్ల ఆరు వారాలు ఈ మాట ఒంటరిగా మోసింది, నేనేమో మఫ్లరు ఏదని వెతుక్కున్నాను.

నీ తప్పు కాదని చెప్పాను. వంద సార్లు చెప్పాను. "మామయ్యకి మాత్రం రాయొద్దు. తెలియకపోతే ఏం కాదు" అంది. అప్పటికే రాసేశాను కదా. అబద్ధం ఆడలేక ఆ మాట కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. అది అరవలేదు. "ఎన్ని రోజుల్లో చేరుతుంది?" అని మాత్రం అడిగింది. పది రోజులన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ పదో రోజు ఇవాళే.

అక్క

ఫిబ్రవరి 2

తమ్ముడూ,

కొండ దారి మూసేశారని ఆఫీసులో చెప్పారు. మంచు వల్లే ఉత్తరాలు రావడం లేదని నేను అంటాను, అది తల ఊపుతుంది, నమ్మదు. బడి వదలగానే నా కౌంటరు ముందుకొచ్చి నిలబడుతోంది. అడగదు. నా మొహం చూసి వెళ్ళిపోతుంది. పిల్లకి పిచ్చి భయమని మీ బావకి చెబుతూనే, సంచి విప్పినప్పుడల్లా నా గుండె కూడా దడదడమంటోంది. పెద్దదాన్ని, నాకే ఇలా ఉంటే దానికెలా ఉండాలి.

ఒక్క ముక్క రాయి. ఏదైనా సరే.

అక్క

ఫిబ్రవరి 6

అక్కకి,

దారి తెరవగానే నీ మూడు ఉత్తరాలూ ఈ ఉదయం ఒకే సంచిలో వచ్చాయి. తేదీల వరసన చదివాను. నాకు మాట తేలిక. నవ్వించడం వచ్చు కదా అని ఎక్కడ పడితే అక్కడ ఒక మాట విసిరేసి బస్సెక్కేస్తాను. దాన్ని ఎవరో ఏరుకుని దాచుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

నువ్వు చేసినదంతా సరిగ్గా చేశావు. చనిపోయారనే అన్నావు, నిద్రనో ప్రయాణమనో అనలేదు. రాసేశానని ఒప్పుకోవడం కూడా సరైనదే, అబద్ధమాడి ఉంటే ఇంకెవరి మాట నమ్ముతుంది? ఇంకో తాబేలు వద్దని బావకి చెప్పు. దొరగారు ఇంకా పెట్టెలోనే ఉంటే మీరు తీసి పాతేయకండి. తనని అడగండి, ఎక్కడ పాతిపెట్టాలో తనే చెప్పాలి.

వెనక కాగితం తనకి. నువ్వు చదివి పెట్టకు, చేతికివ్వు. పెద్ద అక్షరాలతో రాశాను. జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు, ఈసారి కాసేపు ఆగమన్నాను.

తమ్ముడు

పిడుగుకి,

ఈ రోజు ఫిబ్రవరి 6. దొరగారు చనిపోయారని ఈ రోజు ఉదయం నాకు తెలిసింది. తెలిసిన తర్వాతే ఈ ఉత్తరం రాస్తున్నాను. పైన తేదీ ఇంకోసారి చూసుకో. నేను బతికే ఉన్నాను. మధ్యాహ్నం భోజనం చేశాను. ఏడ్చాను కూడా. చనిపోయినవాళ్ళు ఏడవరు.

బస్సు దగ్గర నేను చెప్పింది నిజం కాదు. నువ్వు ఏడుస్తుంటే చూడలేక నోటికొచ్చింది చెప్పాను. దొరగారు తాబేలు, నేను మనిషిని. ఆయన బరువుకీ నా బరువుకీ, ఆయన పెట్టెకీ నా కొండకీ ఏ సంబంధమూ లేదు. నువ్వు ఏ అంకె రాసినా నాకు ఏమీ కాదు. బుక్కులో నన్ను మొయ్యక్కర్లేదు, దించెయ్యి.

చలి ఎంత ఉంటే అంత హాయి అని రాసింది నేను. అది తప్పు మాట. చలి కొంచెమే ఉండాలి, గడ్డకట్టేంత ఉండకూడదు. నాకు తెలిసి కూడా సరిగ్గా రాయలేదు. నువ్వు ఆయన బాగుండాలని కిటికీ తెరిచావు. తప్పు నా ఉత్తరానిది.

సొరంగంలో ప్రమాదమే లేదని చెప్పను, మళ్ళీ అబద్ధమవుతుంది. కానీ మేం లోపలికి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరం ఒక ఇత్తడి బిళ్ళని బోర్డుకి తగిలించి వెళతాం, వచ్చాక తీసుకుంటాం. ఒక్క బిళ్ళ మిగిలినా గేటు దగ్గరి మనిషి ఇంటికి వెళ్ళడు. నాది 37. ఈ రోజు కూడా నేనే తీసుకున్నాను. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా పెడుతున్నాను. 63 కిలోలు. ఒకటి పెరిగాను.

ఇంకొక్కటి. నేనూ రోజంతా అంకెలు రాసేవాడినే. మా పుస్తకంలో తప్పు అంకె పడితే చెరపం, కాగితం చింపం. దాని మీద ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన నిజమైనది రాస్తాం. తప్పు రాశావని ఎవరూ తిట్టరు. నీకు ఇష్టమైతేనే.

మామయ్య

ఫిబ్రవరి 18

మామయ్యకి,

నీ ఉత్తరం అమ్మ ఆఫీసులోనే వచ్చింది. నేను కౌంటరు కిందికి దూరి చదివాను. తేదీ చాలాసార్లు చూశాను. ఎవరైనా నీలాగా రాశారేమో అని పిడుగు అనే మాట నీ పాత ఉత్తరంలో మాటతో పోల్చి చూశాను. అది నువ్వే. అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మ కూడా కౌంటరు మూసేసి కిందికి వచ్చింది. బయట అందరూ పార్సెళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

దొరగారిని గోడ పక్కన ఎండ పడేచోట పాతిపెట్టాం. నాన్న తవ్వాడు. నీ మఫ్లరు తియ్యలేదు. నీకు మెడనొప్పి అని అమ్మ చెప్పింది, కానీ తియ్యలేదు. దొరగారంటే నాకు ఇంకా బెంగగానే ఉంది. ఆదివారం వస్తే ఏం చెయ్యాలో తెలియడం లేదు. మొన్న ఆదివారం అమ్మ నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి పెద్ద కాటా మీద కూర్చోబెట్టింది. 18 కిలోల 400. ఇది నిజమైన అంకె, అమ్మ కూడా చూసింది.

నువ్వు చెప్పినట్టు ఒక్కొక్క గీతే కొట్టాను. డిసెంబరు 8న నేను నిజంగానే తూచాను, కానీ రాయలేదు. అది నాకు గుర్తుంది. ఇప్పుడు రాశాను. 1226. చనిపోయారు. తర్వాత ఆదివారాల దగ్గర తూచలేదు అని రాశాను. అన్నిటికీ.

డబ్బాలో బిస్కట్లు మెత్తబడిపోయాయి. అయినా తిన్నాను. నీకు పంపడం లేదు.

నువ్వు ఎప్పుడొస్తావో తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

పిడుగు